తాక్సో పందిరి కింది నేల

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేని మనిషిలా ఉంది. పదకొండు రోజులుగా కొండ మీద కూర్చున్న ముసురు తెల్లవారేసరికి లోయలోకి జారింది గాని పూర్తిగా పోలేదు. పొంగి చల్లారిన పాలగిన్నె అంచున మిగిలిన చారలా, తెల్లగా ఒక పొర కొండ నడుముకు అంటుకునే ఉంది. తూర్పున మాత్రం వేలెడు మేర మబ్బు విడింది. ఆ సందులోంచి పచ్చని ఎండ వచ్చి తడిసిన గడ్డి మీద పడింది.

అన్సెల్మో గుమ్మంలో నిలబడి, భుజాల మీది కంబళి సర్దుకుంటూ ఆ వేలెడు ఆకాశాన్ని చాలాసేపు చూశాడు. ఆ రోజు గురువారం. ఇలాగే కాస్తే సోమవారానికి నేల ఆరుతుంది. ఆరితే పొత్తు సేద్యం చేసే ఇపోలితో అనే మనిషి ఎడ్లు తోలుకుని వస్తాడు, పెరట్లోని తాక్సో పళ్ల తీగ పీకి బంగాళాదుంప వేయడానికి. ఆరకపోతే బాగుండునని ఒకసారి, ఆరితే ఆ పనేదో అయిపోతుందని ఒకసారి అనిపించింది ఆయనకు.

పందిరి కిందికి వెళ్లాలంటే నడుం వంచాలి. వంచి వెళ్లాడు. తల మీద తాక్సో పూలు, నడిమి వేలికన్నా పొడుగైన గులాబీ రంగు గొట్టాలు, నోళ్లు కిందికి పెట్టి వందల్లో వేలాడుతున్నాయి. కాయ మాత్రం ఒక్కటి లేదు. ఇది మూడో ఏడు. పూస్తుంది, వాడుతుంది, రాలుతుంది. ఒక పువ్వు తెంపి దాని మెడ దగ్గర వేలితో తడిమి చూశాడు. సూదితో గుచ్చినట్టు చిన్న కన్నం. ఇంకోటి తెంపాడు. దానికీ ఉంది. కొక్కెం ముక్కు నల్లపిట్ట పని అది. పూవు నోట్లోంచి పోకుండా, దొంగ గోడకు కన్నం వేసినట్టు పక్కనుంచి చీల్చి తేనె తాగిపోతుంది. పుప్పొడి జోలికి పోదు. దాని వెనకే పొట్టి ముక్కుల హమ్మింగ్‌బర్డులు వచ్చి, అదే కన్నంలో నాలుక పెట్టి మిగిలింది నాకిపోతాయి. తేనె ఖర్చవుతుంది, కాయ పడదు.

అన్సెల్మోకి అరవై ఏడేళ్లు. ఈక్వడార్ ఉత్తరపు కొసన, కార్చి కొండల్లో, చిల్కాపంబ అనే ఆ ఊళ్లోనే పుట్టాడు, అక్కడి బళ్లోనే ఆరేళ్లు చదివాడు. పెళ్లి చేసుకోలేదు. మాట తక్కువ. పాల వ్యాను మనిషి రోజూ వచ్చి బిందె పోయించుకుని వెళ్తాడు. ఇద్దరి మధ్యా "ఊఁ" అన్న మాటతో నెల గడిచిపోతుంది. అలాంటిది మొన్న మంగళవారం ఆ మనిషిని ఆపి, వాగు అవతల ఉండే అక్క బెలార్మీనాకి కబురు చెప్పమన్నాడు. అమ్మ తీగ సోమవారం తీసేస్తున్నాను, కొమ్మలేమైనా కావాలంటే వచ్చి కోసుకోమను, అని. అంత పొడుగు మాట విని పాల మనిషి వ్యాను దిగి ఒంట్లో బాగుందా అని అడిగాడట. ఊరంతా చెప్పుకున్నారు.

అక్కా తమ్ముళ్లకి మాటల్లేక నాలుగేళ్లయింది.

ఆ తీగ వాళ్లమ్మ ఎదెల్మీరాది. ఆమె కాలంలో ఆ పందిరి చూడాల్సిందే. టోపీ పెట్టుకున్న మనిషి చెయ్యి చాపినా తీగ అందేది కాదు. కాయలు కోయాలంటే నిచ్చెన వెయ్యాలి. గురువారం సంతకి పచ్చని కాయలు గంపల్లో సర్దుతుంటే ఇల్లంతా పుల్లపుల్లటి తీపి వాసన వేసేది. ఆ గుజ్జు పాలలో కలిపి ఒక్కొక్కరికి ఒక్కొక్క లోటా ఇచ్చేది. పందిరి కింద నేల మాత్రం ఖాళీ. అక్కడ ఉల్లికాడ కూడా నాటనిచ్చేది కాదు. రోజూ పొద్దున్నే చీపురుతో ఊడ్చేది, చర్చి ముందర ఊడ్చినట్టు. ఇంత నేల ఉత్తపుణ్యానికి వదిలేశారేమిటని పక్కవాళ్లు అడిగితే, పొడుగాయన వస్తాడుగా అనేది.

పొడుగాయన అంటే పిట్ట. ఆ కొండల్లో హమ్మింగ్‌బర్డులు పాతిక రకాలుంటాయి. అన్నిటికీ అగ్గిపుల్లంత ముక్కులు. ఏ పువ్వు దొరికితే ఆ పువ్వులో దూర్చి తాగుతాయి, ఒకదాన్నొకటి తరుముకుంటాయి, ఒక పొద ముందు కాపలా కూర్చుని రోజంతా పోట్లాడతాయి. పొడుగాయన వేరు. ఒంటికన్నా ముక్కే పొడుగు. కొమ్మ మీద కూర్చుంటే ఆ ముక్కు బరువుకి ముందుకి తూలిపోతానేమోనన్నట్టు దాన్ని ఆకాశంలోకి ఎత్తి పట్టుకుంటాడు. ఈకలు దువ్వుకోవాలంటే ముక్కు అందదు, కాలితో గోక్కుంటాడు. ఎవరితోనూ పోట్లాడడు. ఆయన తాగే గిన్నెలోకి ఇంకెవరి ముక్కూ దిగదు కదా, ఎందుకు పోట్లాట?

వేలాడే పువ్వు కిందికి వచ్చి, గాల్లో నిలబడి, ముక్కు నిలువుగా పైకి దూర్చి, నుదురు పూవు నోటికి ఆనేదాకా ఎగిరేవాడు. వెనక్కి వచ్చేటప్పుడు నుదుటి మీద పసుపు పుప్పొడి మరక. బూడిద బుధవారంనాడు పాదిరీగారి వేలి గుర్తు పెట్టించుకుని చర్చి మెట్లు దిగేవాడిలా ఉన్నాడనేది అమ్మ. ఆ మరకతోనే తర్వాతి పువ్వుకి, ఆ తర్వాత పై పెరటికి, అక్కడినుంచి వాగు మలుపుకి. ఒకే దారి, ఒకే వరస. మళ్లీ గంట గంటన్నరకి వచ్చేవాడు. అన్సెల్మో చిన్నప్పుడు, గడియారం లేని ఆ ఇంట్లో, ఆయన రెండోసారి వచ్చాడంటే బడికి బయలుదేరాలి.

తాక్సో ఏడాదంతా ఒక్క తీరున పూయదు. అది వెనకబట్టిన నెలల్లో, పెరటి గట్టు మీది ఎర్ర ఉమ్మెత్త చెట్లు అందుకునేవి. ఎర్రటి పొడుగు బూరలు, మొదట్లో పసుపు. వాసన ఉండదు. వాటిలోనూ అడుగు ముట్టగలిగింది పొడుగాయన ఒక్కడే. ఇది అయిపోగానే అది, అది అయిపోగానే ఇది. అమ్మ ఆ రెంటినీ అలా పెంచిందో, వాటంతటవే అలా కుదిరాయో అన్సెల్మో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

ఆమె పోయాక అక్కా తమ్ముడూ భూమి పంచుకున్నారు. ఇల్లూ, పందిరీ, కింది చెక్కా తమ్ముడికి. వాగు అవతల వాలు, అక్కడి పాత కొట్టం అక్కకి. పంపకం దగ్గర ఒక్క మాట తేడా రాలేదు. తేడా మరుసటేడు వచ్చింది. ఆవుదూడ ఉమ్మెత్త ఆకు నమిలి రెండు రోజులు కాళ్లు తేలేసి పడుకుంది. చావలేదు గాని, అన్సెల్మోకి భయం పట్టుకుంది. కొడవలి తీసుకుని గట్టు పొడుగునా ఉమ్మెత్తలన్నీ నరికేసి, ఆకు తగలబెట్టాడు. పొగ చూసి బెలార్మీనా వాగు దాటి వచ్చింది.

"ఆ పిట్టకి ఈ ఇంట్లో రెండు పళ్లేలుండేవి తమ్ముడూ. ఒకటి మీరు పగలగొట్టారు," అంది.

దూడని కట్టేసుకోలేకపోయారా అని అడగలేదు. అడిగితే జవాబు చెప్పేవాడే. తిరిగి వెళ్తూ నరికిన కొమ్మల్లోంచి ఒక మోపు ఎత్తుకుని వెళ్లింది. పొయ్యిలోకేమో అనుకున్నాడు అన్సెల్మో. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ కోపంలోనో, ఆ మాట నిజం కాదని తనకి తనే చూపించుకోవాలనో, ఆ ఏడే పందిరి కింద బఠాణీలు చల్లాడు. నడుం నొప్పిగా ఉందని, నిచ్చెన ఎక్కలేక తీగెలు కిందికి దించి కట్టాడు. ఆ తర్వాత నెలల్లో తాక్సో పూత తగ్గినప్పుడు ఒక పొద్దున పొడుగాయన గోడవార ఫ్యూషియా పొద దగ్గర కనిపించాడు. అంత చిన్న పువ్వులో అంత ముక్కు. బారెడు గెడతో చెంబులో నీళ్లు తోడుకోబోయే మనిషిలా, దూరంగా నిలబడి గురి చూసి పొడిచి, తప్పి, మళ్లీ పొడిచి. ఒక నీలిచెవుల పిట్ట, వేలెడంతది, పొదలోంచి బాణంలా వచ్చి తరిమేసింది. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మూడు రోజులూ అదే జరిగింది. నాలుగో రోజు రాలేదు. అన్సెల్మో ఆ నాలుగో రోజు పాలు పితకడం కూడా మరిచి ఆ పొదకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

* * *

ఎండ పందిరి దాకా వచ్చేసరికి కుక్క మొరిగి, వెంటనే మానేసి, తోక ఊపింది. గుర్తుపట్టిందన్నమాట. బెలార్మీనా గట్టు ఎక్కుతోంది. డెబ్బై రెండేళ్లు, నెత్తిన నల్ల టోపీ, వీపున శాలువలో మూట, చేతిలో కొడవలి. ఇంట్లోకి చూడనైనా చూడకుండా నేరుగా పందిరి దగ్గరికి వచ్చి ఆగింది.

ఆ కొండల్లో అందరూ అందర్నీ మీరు అనే అంటారు. పెళ్లాన్నీ, బిడ్డనీ, ఎద్దునీ కూడా. తిట్టేటప్పుడు ఆ మీరు ఇంకాస్త బరువుగా పడుతుంది.

"బతికే ఉన్నారన్నమాట," అంది బెలార్మీనా.

"ఉన్నానక్కా."

"పందిరికి మీకంటే ముందే నడుం వంగిపోయిందేం?"

ఆమె టోపీ తీసి, వంగి కిందికి వచ్చింది. మోకాళ్ల దాకా బఠాణీలు. ఇంకా లేత కాయ. వాటినీ, వాటికి జానెడు ఎత్తున వేలాడుతున్న పూలనీ మార్చి మార్చి చూసింది.

"ఆయన కింద నుంచి కదా పైకి వచ్చేది," అంది. "ఎక్కడ నిలబడమన్నారు? మీ బఠాణీల నెత్తి మీదా?"

నేల ఖాళీగా ఉందని వేశానన్నాడు. యాభై ఏళ్లు ఖాళీగా ఉన్నప్పుడు గంపల కొద్దీ కాయలు తిన్నారే, అప్పుడు గుర్తురాలేదా అని అడిగింది. పూలు తెంపి కన్నాలు చూసింది. నల్లపిట్ట ఎప్పుడూ ఉన్నదే, అమ్మ కాలంలోనూ పొడిచేది; పదింట్లో రెండో మూడో. ఇప్పుడు పదీ అదే తింటోంది, పెళ్లివారు రాని పందిట్లో వంటవాళ్లే తిన్నట్టు. ఇదంతా ఆమె తనలో తను గొణుక్కున్నట్టు చెప్పుకుపోయింది. తర్వాత వరండాకేసి చూసి, ఆ సీసా ఏమిటని అడిగింది.

వరండా దూలానికి తాడుతో తలకిందులుగా కట్టిన సీసా అది. మూతకి గొట్టం. అందులో ఏమీ లేదు, ఎండి నల్లబడిన మరక తప్ప.

"పిట్టలకని కట్టాను," అన్నాడు అన్సెల్మో. "మీరు రావడం మానేశాక. ఆయన వస్తాడేమోనని."

"ఏం పోశారు?"

"బెల్లం నీళ్లు."

చిల్కాపంబలో గుమ్మంలోకి ఎవరొచ్చినా, తెలిసినవాడైనా దారి తప్పినవాడైనా, ముందు వేడి బెల్లం నీళ్లు ఇచ్చి తర్వాత ఊరూ పేరూ అడుగుతారు. ఇంకోటి ఇవ్వాలని ఎవరికీ తట్టదు.

"దాల్చినచెక్క కూడా వేశారా ఏమిటి?"

"కొంచెం."

ఆమె నోటికి శాలువ అంచు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందనుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత ఆమె నవ్వబోతుంటే ఆ మాటని అక్కడే వదిలేసి ఉండవచ్చు. వదలలేకపోయాడు.

పొడుగాయన రాలేదని చెప్పాడు. పొట్టివే వచ్చాయి, గుంపులుగా. నీలిచెవులది ఒకటి సీసా తనదే అన్నట్టు కూర్చుని మిగతావాటిని తరిమేది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. వాన రోజుల్లో ఆ నీళ్లు పులిశాయి, గొట్టం లోపల నల్లగా బూజు పట్టింది. ఆయన పట్టించుకోలేదు. ఒకరోజు కింద ఒక పిట్ట పడి ఉంది. మర్నాడు ఇంకోటి.

"ఏడు," అన్నాడు. "నాలుకలు వాచిపోయాయక్కా. లోపలికి పోవడం లేదు. నోళ్లు తెరుచుకునే ఉన్నాయి."

బెలార్మీనా శాలువ అంచు దించింది.

"ఎక్కడ పెట్టారు వాటిని?"

"ఆ గోడవార. ఫ్యూషియా కింద."

ఆమె అటు చూసింది. ఏమీ అనలేదు. అన్సెల్మో అక్కడే బఠాణీల మధ్య చతికిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. చివరికి ఆమె మూట విప్పి పక్కన పెట్టి, వంగి, బఠాణీ మొక్క ఒకటి వేళ్లతో సహా పీకింది. మన్ను దులిపి పక్కన పడేసింది. ఇంకోటి పీకింది.

"ఇపోలితోకి మాట ఇచ్చానక్కా. సోమవారం."

"సోమవారానికి ఇంకా మూడు రోజులుంది కదా," అంది తలెత్తకుండా. "మీరు అటునుంచి రండి."

* * *

ఆ పని చేస్తూనే ఆమె మిగతాది చెప్పింది. చెప్పింది తక్కువ, మధ్యలో ఆయాసం ఎక్కువ. ఆ రోజు మోపు ఎత్తుకెళ్లింది పొయ్యిలోకి కాదు. ఆ కొమ్మలు కొట్టం వెనక వాగు గోడ పొడుగునా గుచ్చింది. ఉమ్మెత్త కొమ్మ ఎలా గుచ్చినా అంటుకుంటుంది. రెండో ఏడుకే పూశాయి. పొడుగాయన వచ్చాడు.

అన్సెల్మో చేతులు ఆగిపోయాయి. మధ్యలో కొండ భుజం అడ్డం. మూడేళ్లుగా పొడుగాయన వాగుకి అటు, అరగంట నడకలో ఉన్నాడు.

వస్తాడు గాని ఉండడు, అంది బెలార్మీనా. ఎర్రపూలున్నన్నాళ్లే. అవి అయిపోగానే పైకి, మేఘాల అడవిలోకి పోయేవాడు. అక్కడ అడవి తాక్సో తీగలుండేవి. పొట్టివాళ్లకి ఫర్లేదు, ఎక్కడ ఏ పువ్వున్నా వాళ్లకి కడుపు నిండుతుంది. ఆయనకి అలా కుదరదు. పొడుగు పువ్వు ఉంటే ఆయనంత సుఖపడేవాడు లేడు, లేకపోతే ఆయనంత ఇబ్బంది పడేవాడూ లేడు. ఈ ఏడు ఆ పై అడవి కూడా కొట్టేశారు, దుంపలకి. ఆమె చూసి వచ్చింది. మొద్దుల్లోంచి ఇంకా పొగలొస్తున్నాయి.

"నా దగ్గర పూత అయిపోవచ్చింది. నిన్న లెక్కపెడితే పంతొమ్మిది పూలు," అంది. "భూమి మనం పంచుకున్నాం. ఆయన కంచం కూడా పంచేశామని నాకప్పుడు తట్టలేదు తమ్ముడూ. తట్టుంటే అప్పుడే వచ్చేదాన్ని."

ఆమె తప్పు ఒప్పుకోవడం అన్సెల్మో అదే మొదటిసారి వినడం. బఠాణీలు మీ చెవులపిల్లులకి తీసుకెళ్లండి అన్నాడు. అక్కడి వంటిళ్లలో కీచుకీచుమంటూ తిరిగే గినీపందులకి ఆ ఇంట్లో పెట్టుకున్న వెక్కిరింపు పేరది, చెవులే కనబడవు కాబట్టి. బెలార్మీనా ఈసారి నిజంగానే నవ్వింది. అమ్మ మాట అది.

గురువారం సాయంత్రానికి నేల సగం ఖాళీ అయింది. ఆమె ఒక మోపు బఠాణీలు వీపున వేసుకుని వాగు దాటి వెళ్లింది. శుక్రవారం పొద్దున్నే మళ్లీ వచ్చింది. ఆ రోజు మిగతా సగం పీకి, ఊడ్చారు. శనివారం యూకలిప్టస్ పంగల కర్రలు నరికి తెచ్చారు. తీగెలు ఎత్తడం ఇద్దరు ముసలివాళ్ల పని కాదు. ఒకరు భుజం పెట్టి లేపితే ఇంకొకరు పంగ కింద దూర్చాలి. తీగ బరువు, నీటి బరువు. ఒక వరుస లేపేసరికి పూలు సగం రాలి వాళ్ల టోపీల మీద పడ్డాయి. అలా రాలినప్పుడల్లా బెలార్మీనా ఎవరినో తిట్టేది. తమ్ముడినో, తీగనో, తనకి ఈ బుద్ధి పుట్టించిన దేవుడినో తెలిసేది కాదు. ఒకసారి పంగ జారి అన్సెల్మో వేలు నలిగింది. ఆమె ఆ వేలు పట్టుకుని చూసి, ఇంకా తొమ్మిదున్నాయి కానివ్వండి అంది.

ఆదివారం ఇద్దరూ పూజకి వెళ్లలేదు. మధ్యాహ్నానికి చివరి వరుస లేచింది. అన్సెల్మో కింద నిలబడి తల ఎత్తాడు, చెయ్యి చాపాడు. అందలేదు. ఆకుల సందుల్లోంచి వెలుతురు ముక్కలు ముక్కలుగా ఊడ్చిన నేల మీద పడుతోంది. నీళ్లు జల్లిన మట్టి వాసన. బడి సంచి భుజాన వేసుకుని, రెండోసారి ఝుమ్మనడం కోసం చెవి ఒగ్గి నిలబడిన ఆ పొద్దులన్నీ ఒక్కసారి మీదికి వచ్చినట్టయింది. కళ్లు తుడుచుకోవడం అక్క చూడకూడదని అటు తిరిగాడు. ఆమె కూడా అటే తిరిగి ఉంది.

సాయంత్రం దాకా చూశారు. పొట్టివి వచ్చాయి. నల్లపిట్ట వచ్చి తీరిగ్గా పది పూలు పొడిచి వెళ్లింది. పొడుగాయన రాలేదు.

వెళ్లబోతూ బెలార్మీనా చెప్పింది, తన దగ్గర పొద్దున చూస్తే నాలుగే పూలున్నాయని. రేపు అవీ ఉండవు. ఆయన ఎటు పోతాడో ఆయనిష్టం.

"ఎడ్లొస్తే ఏం చెప్తారు?" అని అడిగింది.

అన్సెల్మో తెలియదన్నాడు.

* * *

సోమవారం నేల ఆరింది. ఏడున్నరకల్లా ఇపోలితో గట్టు మీద కనిపించాడు. ముందు రెండు ఎడ్లు, భుజాన నాగలి. యాభై ఏళ్ల మనిషి, గట్టి పనివాడు, చుట్టుపక్కల పొత్తు సేద్యమంతా ఆయనదే. బెలార్మీనా అప్పటికే వచ్చి వంటింట్లో పొయ్యి ముందుంది.

"జరగండి దొరా, జరగండి," అని ఎడ్లని బతిమాలుతూ పెరట్లోకి తోలుకొచ్చి, పందిరి చూసి ఆగిపోయాడు ఇపోలితో. ఎత్తుగా లేచిన పందిరి, పంగల కర్రలు, కింద అద్దంలా ఊడ్చిన నేల.

"పీకే తీగకి ఈ సింగారమేంటి అన్సెల్మో?"

అన్సెల్మో టోపీ తీశాడు. ఆ ఊళ్లో మాట ఇచ్చి వెనక్కి తీసుకున్న మనుషులు లేరని కాదు. ఉన్నారు, వాళ్ల పేర్లు మూడు తరాల దాకా చెప్పుకుంటారు. ఆయన వరుసగా మూడు మాటలు మాట్లాడవలసి వచ్చింది.

"తీగ తియ్యడం లేదు. మాట తప్పుతున్నాను. మీరు నన్నేమన్నా పడతాను."

ఇపోలితో ఆకాశం చూశాడు, ఎడ్లని చూశాడు. కాయలేమైనా పడ్డాయా అని అడిగాడు. లేదన్నాడు అన్సెల్మో. పడతాయన్న నమ్మకం ఉందా? అదీ లేదు. మరెందుకు? ఆ పిట్ట వస్తుందేమోనని. పిట్ట వచ్చిందా? రాలేదు.

"అంటే రాని పిట్ట కోసం నన్ను వెనక్కి పొమ్మంటున్నారు," అన్నాడు ఇపోలితో, కోపం లేకుండా, సంగతి సరిగ్గా అర్థమైందో లేదో సరిచూసుకుంటున్నట్టు. "వీళ్లకేం చెప్పమంటారు? ఈ ఇద్దరూ తెల్లారుజాము నుంచి నడుస్తున్నారు."

"కింది చెక్క తీసుకోండి. దుంపకి ఈ నేలకన్నా అదే మంచిది."

"అందులో మీ ఆవుందిగా."

"ఆవుని వాగు అవతల కడతాను."

వంటింటి గుమ్మంలోంచి బెలార్మీనా గొంతు వినిపించింది. "అడక్కుండానే నా గడ్డి దానం చేసేస్తున్నారు చూశారా, మా తమ్ముడు." ఒద్దని మాత్రం అనలేదు.

ఇపోలితో చాలాసేపు గట్టు మీద కూర్చున్నాడు. లేచి కిందికి వెళ్లి ఆ చెక్క మన్ను పిడికిట పట్టి చూసి వచ్చాడు. సరేననలేదు, కాదనలేదు. ఎడ్ల మెడ మీది కాడి విప్పి, వాటిని గడ్డి వైపు వదిలాడు. చేతి మన్ను మాత్రం కాస్త కోపంగానే దులుపుకున్నాడు. ఊళ్లో మీ గురించి అడిగితే ఉన్నదున్నట్టే చెప్తానన్నాడు. చెప్పమన్నాడు అన్సెల్మో.

నాగలి తెచ్చినవాణ్ణి దున్నినా దున్నకపోయినా తిండి పెట్టకుండా పంపరు. వరండా నిండా నాగలీ కాడీ, పెరడంతా ఎడ్లు రేపిన మన్నూ పేడా. శుభ్రంగా ఉన్నది పందిరి కింద ఒక్కటే. బెలార్మీనా కుండ అక్కడికే మోసుకొచ్చింది. బార్లీ గంజిలో వేసిన పంది పక్కటెముకలు, తొక్కతో ఉడికించిన దుంపలు, పచ్చి జున్ను, రాతి మీద నూరిన మిరపకాయ. ముగ్గురూ మూడు మొద్దుల మీద కూర్చున్నారు. కుక్క ఎముకల వాసనకి దగ్గరగా జరిగింది.

ఇపోలితో రెండు గరిటెలు తాగి, తన మనసులో ఉన్నది ఇంకా పూర్తిగా చెప్పలేదన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు వినిపించింది. పొట్టివాటి సన్నని కీచు కాదు. లావుగా, నిదానంగా, దూరాన ఎవరో తాడు తిప్పుతున్నట్టు.

బెలార్మీనా గరిటె ఎత్తి పట్టుకుంది, మాట్లాడొద్దని. చివరి వరుస అవతలి అంచున, ఊడ్చిన నేలకి రెండు మూరల ఎత్తున, ఆయన గాల్లో నిలబడి ఉన్నాడు. గోధుమ రంగు తల, ఆకుపచ్చ వీపు, ఆ ముక్కు. కాస్త వెనక్కి జరిగాడు, ఇది ఇదివరకు తెలిసిన చోటా కాదా అన్నట్టు. తర్వాత నిలువుగా లేచి ఒక పువ్వులోకి నుదురు దాకా వెళ్లాడు. అక్కడే ఉన్నాడు. బయటికి వచ్చి పక్క పువ్వుకి జరిగాడు. ఆ పక్కది మెడ దగ్గర చిరిగి ఉంది కాబోలు, ముట్టుకుని వదిలేశాడు. ఇంకో పువ్వు. ఇంకో పువ్వు. వాళ్ల తలల మీది వరుసకి వచ్చినప్పుడు ఆ రెక్కల గాలి గంజి మీది ఆవిరిని పక్కకి నెట్టింది.

ఇపోలితో నోరు మూసుకున్నాడు. బెలార్మీనా ఎత్తిన గరిటె మెల్లిగా దించి కుండలో పెట్టింది, చప్పుడు కాకుండా. అన్సెల్మో వేడి దుంప ఒకటి తీసుకుని, నలిగిన వేలు తగలకుండా తొక్క ఒలిచి, ఉప్పు అద్ది, అక్క పళ్లెంలో పెట్టాడు. ఇంకోటి ఒలిచి ఇపోలితో పళ్లెంలో పెట్టాడు. మూడోది తను తీసుకున్నాడు. ముగ్గురూ తలలు వంచి తింటున్నారు.